హలో అత్త కిటికీలు వేయించుకున్న వైనం

ఏంట్రా, ఇంకా తేలలేదా నీ కిటికీల సంగతి? రా, కూర్చో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతోంది, ఇలా మంచం మీద కూర్చో. మొన్నేమో ఏదో పెద్ద షోరూం అన్నావు, నిన్నేమో ఇంకెవరో చవగ్గా చేస్తారన్నావు, ఇవాళ చూస్తే ఫోనులో చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నావు. నాలుగు చుక్కలు, నాలుగున్నర చుక్కలు! ఆ సగం చుక్క ఎవడు కొరికేశాడో వాళ్ళకైనా తెలుసా? నవ్వకు, నేను నిజంగానే అడుగుతున్నా. ఇలాంటప్పుడు మా హలో అత్త ఉండాల్రా. చుక్కలూ వద్దు, చంద్రుడూ వద్దు, ఒక్క ఫోను కొట్టేదంతే. తేల్చిపారేసేది. ఏ హలో అత్తా? అదేంట్రా, మీ అమ్మ చెప్పలేదూ? మా మేనత్త. మా నాన్నకి అక్క. నువ్వు పుట్టేనాటికే పోయిందిలే పాపం, నీకెలా తెలుస్తుంది.

ఆవిడ టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. అప్పట్లో మీలా జేబులోంచి తీసి నొక్కడాలు లేవు. పక్క ఊరికి మాట్లాడాలంటే ఎక్స్ఛేంజికి ఫోను చేసి, ఫలానా నెంబరు కావాలమ్మా అని అడగాలి. వీళ్ళు ఆ బోర్డులో ఈ వైరు తీసి ఆ కంతలో పెట్టి లైను కలిపేవాళ్ళు. ఊళ్ళో జనం పెళ్ళిళ్ళూ చావులూ గొడవలూ రాజీలూ అన్నీ మా అత్త చెవి పక్కనుంచే వెళ్ళేవి. ఒక్క ముక్క బయట చెప్పేది కాదు, అది వేరే సంగతి. నేను ఎంత బతిమాలినా చెప్పేది కాదు. అన్నేళ్ళు చెవికి ఆ తొడుగు పెట్టుకుని కూర్చుందేమో, ఇంట్లో మనిషి ఎదురుగా నిలబడినా సరే, "హలో, చెప్పు" అనేది. అందుకే హలో అత్త. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకంటే, "అందరి లైన్లూ కలిపేసరికి నా నెంబరు ఎంగేజి వచ్చింది" అని తనే నవ్వేది. మనిషి గొంతు వింటే చాలు, వీడు అబద్ధమాడుతున్నాడా, ఆకలిమీదున్నాడా, పెళ్ళాంతో పోట్లాడొచ్చాడా అన్నీ చెప్పేసేది. ఇంకో సంగతి చెప్పనా, ఆ బోర్డు గదికి ఒక్క కిటికీ లేదు. దుమ్ము పడితే మిషన్లు పాడైపోతాయట. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేదాకా బయట ఎండో వానో తెలిసేది కాదు. అవతల ఊరివాళ్ళు "ఇక్కడ కుండపోత అమ్మా" అంటే, "అవునా, పాపం" అనేది, బయటికొస్తే ఇక్కడా కుండపోతే!

ఆ తరవాత నెంబరు తిప్పితే దానంతటదే కలిసే మిషన్లు వచ్చాయి. వీళ్ళకి పూలదండలు వేసి ఇంటికి పంపించేశారు. చేతికొచ్చిన డబ్బుతో మా ఇంటికి ఎదురుగానే, వీధికి అవతల, మేడమీది వాటా కొనుక్కుంది. తన జీవితంలో తనంతట తను కొనుక్కున్న మొదటి పెద్ద వస్తువు. మా నాన్న ఆవిడకంటే చిన్నవాడే గానీ, పెత్తనమంతా ఆయనదే. "అక్కకేం తెలుసు, నేను చూస్తాగా" అనడం ఆయనకి ఊతపదం. నేను అప్పుడు కాలేజీలో చదువుతున్నా, సగం రోజులు అత్త ఇంట్లోనే పడి ఉండేదాన్ని. ఆ ఇంటికి అన్నీ పాత చెక్క కిటికీలు. వానకి ఉబ్బిపోయి కొన్ని తెరుచుకోవు, ఎండకి వంకర్లు పోయి కొన్ని మూసుకోవు. వీధివైపు కిటికీకైతే ముందున్నవాళ్ళు ఏకంగా మేకులు కొట్టేశారు. అత్త ఒకరోజు స్క్రూడ్రైవరూ సుత్తీ పట్టుకుని, "హలో, వస్తావా రావా?" అని దానితో మాట్లాడుతూ మేకులన్నీ పీకింది. పీకి ఒక్క తోపు తోసింది. వచ్చిందిరా! రెక్క మొత్తం ఊడి వచ్చేసింది! తిన్నగా కిందకెళ్ళి, ఎక్కడ పడిందనుకున్నావ్? మా నాన్న కొత్తగా కొన్న స్కూటరు సీటు మీద! ఇంకా సీటుకి ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు. ఆయన గుమ్మంలోంచి పరిగెత్తుకొచ్చి పైకి చూస్తే, పైన కన్నంలోంచి అత్త తల బయటపెట్టి, "ఒరే తమ్ముడూ, ఇక్కణ్ణుంచి వీధి ఎంత బాగా కనిపిస్తోందో తెలుసా!" అంటోంది.

అంతే, కొత్త కిటికీలు వేయించాల్సిందేనని ఆ రోజే తీర్మానం. మా నాన్న వెంటనే, "నా స్నేహితుడికి పెద్ద షోరూం ఉంది, వాడికి చెప్పేస్తా" అన్నాడు. ఆయన వచ్చాడు. మెడకి టై, చేతిలో సంచీ, సంచీలో బొమ్మ కిటికీ. నిజంగారా, జానెడు కిటికీ! టీపాయి మీద పెట్టి తెరిచాడు, మూశాడు, తెరిచాడు, మూశాడు. "చూశారా మేడమ్, శబ్దం ఉండదు, వెన్నలా జారుతుంది, మీ తరవాత మీ మనవలు కూడా వాడుకోవచ్చు" అన్నాడు. పెళ్ళే లేదు, మనవలెక్కణ్ణుంచి తెస్తుంది? మా నాన్న మాత్రం మురిసిపోతున్నాడు. ఆయన వెళ్ళాక అత్త నెమ్మదిగా, "గొంతు బాగాలేదురా" అంది. మా నాన్నకి ఒళ్ళు మండిపోయింది. "కిటికీలు కొంటున్నావా, పాటకచేరీ పెట్టిస్తున్నావా?" "అమ్మేటప్పటి గొంతు ఇది. అమ్మాక వచ్చే గొంతు వినలేదుగా" అంది. మా నాన్న నెత్తి కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఫోను ఒళ్ళో పెట్టుకుంది. ఎవరికి చేసిందో తెలుసా? ఆ షోరూముకే. గొంతు మార్చేసింది! ముసలి గొంతు, వణుకు గొంతు, అచ్చం ఇప్పటి నా గొంతులా. "బాబూ, కిందటేడు మీరు మాకు కిటికీ వేశారు కదా, అది ఊడి కింద పడిపోయింది బాబూ" అంది. నాకు నవ్వాగక నోట్లో తువ్వాలు కుక్కుకున్నా. అవతల ఆ టై ఆయనే! ముందురోజు తేనె కార్చిన మనిషి, "ఎవరండీ మీరు? రసీదుందా? సారు ఊళ్ళో లేరు, వచ్చే నెల చెయ్యండి" అని టక్కున పెట్టేశాడు. తనే సారు! తనే ఊళ్ళో లేడు! సరే, ఇంకో కంపెనీకి చేసింది. వాడు మరీ ఘనుడు. "మా కిటికీ ఊడదమ్మా, మీ గోడ ఊడి ఉంటుంది, సరిగ్గా చూసుకోండి" అన్నాడు. అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వింది. మూడోది చిన్న కంపెనీ. అన్నదమ్ములిద్దరిదీ. ఎత్తినాయన ఈవిడ చెప్పిందంతా విన్నాడు. తరవాత, "ఎవరికైనా తగిలిందా అమ్మా?" అన్నాడు. అత్త నవ్వు ఠక్కున ఆగిపోయింది. "లేదు బాబూ, స్కూటరు మీద పడింది." "మనుషులకేం కాలేదుగా? హమ్మయ్య. ఊడింది ఫ్రేమా, రెక్కా?" "రెక్క." "రెక్కలు మా తమ్ముడి పని, నాది ఫ్రేములు. సరే, ఎవరిదైతే ఏంలెండి, ఇంటి గుర్తులు చెప్పండి, ఇప్పుడే వస్తున్నాం." అన్నేళ్ళ అలవాటు కదా, అడిగితే వివరాలు ఇవ్వడం తప్ప ఆవిడకి ఇంకోటి చేతకాదు. గుర్తులన్నీ చక్కగా చెప్పేసింది. పెట్టేశాక నా వంక చూసి, "అమ్మో, వస్తున్నాడే!" అంది.

వచ్చారు బాబూ! ఒకే కొట్లోంచి బయల్దేరి, రెండు స్కూటర్ల మీద వచ్చారు. ముందు ఫ్రేములాయన, బట్టతల, లావుపాటి మనిషి. కాస్త వెనకగా తమ్ముడు, అద్దాల రెక్కలు చేసే అద్దాలాయన, సన్నగా, ఒక కాలు కొంచెం ఈడుస్తూ. ఇద్దరూ మెట్లెక్కి ఆ కన్నం ముందు నిలబడ్డారు. ఫ్రేములాయన అటూ ఇటూ తడిమి, "ఇది మేం చేసింది కాదమ్మా" అన్నాడు. అద్దాలాయన అత్త వంక తిరిగి, "మనది కాదని నాకూ తెలుసని ఆయనతో చెప్పండి" అన్నాడు. ఫ్రేములాయన, "తెలిస్తే మంచిదేనని ఆయనకి చెప్పండి" అన్నాడు. ఇద్దరికీ మధ్య రెండడుగులు కూడా లేదురా! అత్త కళ్ళు తళుక్కుమన్నాయి. ముందు నిజం చెప్పేసింది, పరీక్ష చేశాను బాబూ, ఏమీ అనుకోకండి అని. అద్దాలాయన పగలబడి నవ్వాడు. ఫ్రేములాయనకి నవ్వొచ్చింది గానీ, తమ్ముడు నవ్వుతుంటే తను నవ్వితే కలిసి నవ్వినట్టవుతుందని కాబోలు, గోడవైపు తిరిగి భుజాలూపుకున్నాడు. ఎలాగూ వచ్చాం కదా అని, మిగిలిన రెక్క పడకుండా చెక్క ముక్కలు బిగించి మరీ వెళ్ళారు. "వీళ్ళే" అంది అత్త.

మా నాన్న అగ్గిమీద గుగ్గిలం. "ఒకడితో ఒకడు మాట్లాడుకోని వాళ్ళ చేత కిటికీలా? ఒకడు తలుపంటే ఇంకోడు గోడంటాడు! చూడక్కా, రేపు ఏదన్నా అయితే నా గుమ్మం తొక్కకు" అన్నాడు. అత్త ఆయన వెళ్ళాక నాతో మాత్రం అంది, "ఇది గనక పాడైందంటే నేను బతికున్నన్నాళ్ళూ అక్కకేం తెలుసు అంటూనే ఉంటాడే" అని. నవ్వుతూనే అంది గానీ, చేతిలో కాఫీ గ్లాసు కిందపెట్టడం మర్చిపోయి అలాగే పట్టుకుని కూర్చుంది.

కొలతలప్పుడు చూడాలి తమాషా! ఫ్రేములాయన టేపు ఒక చివర పట్టుకుంటాడు, అద్దాలాయన ఇంకో చివర. "కాస్త పైకెత్తమనండి." "కాస్త పైకెత్తాలట బాబూ." "ఎత్తానని చెప్పండి." "ఎత్తారటండీ." అత్తకి పండగలా ఉంది! ఎక్స్ఛేంజి మళ్ళీ ఇంటికే వచ్చినట్టు, మధ్యలో స్టూలు వేసుకుని కూర్చుని అటూ ఇటూ మాటలు అందిస్తోంది. నేను కిందామీదా పడి నవ్వుతుంటే, "ఉష్, లైన్లో శబ్దం చెయ్యకు" అని కసిరింది. అంతా బాగానే ఉంది. కాకపోతే మధ్యలో ఒకరోజు అత్త కళ్ళడాక్టరు దగ్గరికెళ్ళింది. సరిగ్గా ఆ రోజే ఫ్రేములాయన కింది వాటాలో తాళం అడిగి తీసుకుని వచ్చి, గోడ అంచులు పెళుసుగా ఉన్నాయి, ఫ్రేము ఇంకాస్త మందంగా చెయ్యాలి అనుకున్నాడు. ఫ్రేము మందమైతే లోపల జాగా తగ్గుతుంది కదా? ఆ సంగతి తమ్ముడికి చెప్పాలి కదా? చెప్పమని చెప్పడానికి అత్త ఇంట్లో లేదు! నోటితో తను చెప్పచ్చుగా? చెప్పడు! కడుపులో దాచుకుని ఊరుకున్నాడు మహానుభావుడు.

ఇంక బిగించే రోజు. పొద్దున్నే పాత కిటికీలన్నీ పీకేశారు. ఇల్లంతా కన్నాలు. కొత్త ఫ్రేములు గోడలో కూర్చున్నాయి, చక్కగా. మధ్యాహ్నానికి అద్దాలాయన రెక్కలు తెచ్చి మొదటిదాన్ని ఎత్తిపెట్టాడు. పట్టలేదు. వేలెడంత ఎక్కువ. రెండోది ఎత్తాడు, అదీ అంతే. మొహం ఎర్రబడిపోయింది. "నా కొలతలు తప్పలేదని ఆయనతో చెప్పండి!" "మందం పెంచానని ఆయనకి చెప్పండి!" "ఎప్పుడు చెప్పాడో అడగండి!" "చెప్పడానికి మీరు ఇంట్లో లేరుగా అమ్మా!" అదీ, ఎటు తిరిగీ అత్త మీదికే వచ్చింది. బయట చూస్తే ఆకాశం నల్లగా మూసుకొచ్చేసింది. గాలికి కాగితాలన్నీ గదిలో గిరగిరా తిరుగుతున్నాయి. ఆ వేళకే గొడుగు చంకలో పెట్టుకుని మా నాన్న ఎక్కొచ్చాడు. గుమ్మంలో నిలబడి చేతులు కట్టుకుని, "నేను చెప్పలేదూ?" అన్నాడు. ఆయన చెప్పిందే జరిగిందని ఎంత సంతోషమో ఆ మొహంలో! అద్దాలాయన పనిముట్లు సంచీలో పడేసుకుంటున్నాడు. ఫ్రేములాయన వరండాలోకి వెళ్ళి చెప్పులు వెతుక్కుంటున్నాడు.

అప్పుడు లేచిందిరా అత్త. ఆ గొంతు నేను అంతకుముందెప్పుడూ వినలేదు. అరుపు కాదు. నున్నగా, తిన్నగా, గదిలో ఎక్కడున్నా చెవిలోకి దిగే గొంతు. బోర్డు ముందు కూర్చున్నప్పటి గొంతు. "హలో. ఎవరూ కదలకండి. మీకు కాల్ ఉంది" అంది. ముగ్గురు మగాళ్ళూ రాళ్ళల్లా నిలబడిపోయారు, మా నాన్నతో సహా! ఫ్రేములాయన కన్నానికి అవతల వరండాలో ఉన్నాడు. అద్దాలాయన ఇవతల గదిలో. మధ్యలో ఖాళీ ఫ్రేము. అత్త దాని పక్కన నిలబడి అవతలాయనతో, "ఒక్క మాట అడుగుతాను. ఆ రోజు నేను ఫోను చేస్తే ముందు ఎవరికైనా తగిలిందా అని అడిగారు. ఎందుకు?" అంది. ఆయన తలవంచుకున్నాడు. "మా తమ్ముడు ఒకసారి నిచ్చెన మీంచి పడ్డాడమ్మా. నా కళ్ళముందే. ఆ చప్పుడు ఇంకా వినిపిస్తుంది నాకు." ఇవతలాయన సంచీ చేతిలో పట్టుకునే ఆగిపోయాడు. "పడ్డ నన్ను పట్టుకుని, పనివాళ్ళందరి ముందూ నీకు పని చేతకాదన్నాడు. ఆసుపత్రిలో పడుంటే ఒక్కరోజు రాలేదు. అదీ చెప్పమనండి" అన్నాడు. అత్త చెప్పలేదు. రెండు చేతులూ పైకెత్తి, "లైను కలిపేశాను. మీ తమ్ముడు లైన్లో ఉన్నారు, మాట్లాడండి" అని పక్కకి జరిగిపోయింది.

ఉరుము ఉరిమింది. మా నాన్న గొడుగు జారి కిందపడినా తీసుకోలేదు. అప్పుడు అవతలనుంచి, "వచ్చానురా" అన్నాడు ఫ్రేములాయన. "ఆసుపత్రి మెట్లదాకా రోజూ వచ్చాను. నీ కాలు అలా కట్టి వేలాడదీశారని నర్సు చెప్పింది. అది చూడలేక మెట్ల దగ్గర్నుంచే వెళ్ళిపోయాను. భయమేసిందిరా. భయానికే అరిచాను." ఇవతలాయన, "నాతో చెప్పచ్చుగా అన్నయ్యా" అన్నాడు. "ఎలా చెప్పను, నువ్వు మాట్లాడట్లేదుగా!" "నువ్వు మాట్లాడితే కదా నేను మాట్లాడేది!" ఇంక మొదలుపెట్టార్రా. ఒకడు మాట్లాడుతుంటే ఇంకోడు, చిన్నప్పటి గొడవలు, ఎప్పుడో నిద్రపుచ్చిన గొడవలు అన్నీ లేపి, కన్నంలోంచి చేతులు ఊపుకుంటూ. పక్క ఊరి కాల్ అంటే అప్పట్లో మూడు నిమిషాల లెక్క కదా, మా అత్త గడియారం వంక చూసి, బోర్డు గొంతుతోనే, "మూడు నిమిషాలు అయిపోయాయి. పొడిగించమంటారా?" అంది. ఇద్దరూ ఒక్క గొంతుతో, "పొడిగించండమ్మా!" అన్నారు. అన్నాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు చూడు, ఆ నవ్వు! ఒకడు గోడకి చేరబడి నవ్వుతాడు, ఇంకోడు స్టూలు మీద కూలబడి నవ్వుతాడు. మా నాన్నకి ఎందుకు నవ్వుతున్నాడో తెలీదు, ఆయనా నవ్వుతున్నాడు!

టపటపా చినుకులు మొదలయ్యాయి. "ముందు చిత్రిక పట్టు, తరవాత నవ్వచ్చు!" అని అన్న అరిచాడు. రెక్కలు బల్లకానించి, ఒకడు పట్టుకుంటే ఇంకోడు అంచులు చిత్రిక పట్టడం. చెక్క పొరలు ఉంగరాలు చుట్టుకుని ఇల్లంతా ఎగురుతున్నాయి, మా నాన్న జుట్టులో, అత్త కళ్ళజోడు మీద, నా నోట్లో! ఒక్కొక్క రెక్కా ఎత్తడం, బిగించడం, పక్క గదికి పరిగెత్తడం. వెనక గదులవి అయ్యాయి. వీధివైపు పెద్దది మిగిలింది, సరిగ్గా అప్పుడే వాన విరుచుకుపడింది. "ఏదన్నా అడ్డం పెట్టండి!" అంటే ఏం దొరుకుతుంది? మా నాన్న భోజనాల బల్ల పైచెక్క ఊడబెరుక్కొచ్చి ఆ కన్నానికి ఆనించి వీపు పెట్టి నిలబడ్డాడు. నీళ్ళు అటుపక్కనుంచీ ఇటుపక్కనుంచీ ఆయన చెవుల మీదుగా కారిపోతున్నాయి. "అక్కా, తొందరగా కానిమ్మను! మెడలోకి పోతున్నాయి!" అని కేకలు. అత్త, "ఒక్క క్షణం, లైన్లోనే ఉండు తమ్ముడూ!" అంటోంది. చివరికి రెక్కలొచ్చాయి. ఆయన్ని పక్కకి లాగేసి, అన్న పైన పట్టుకుంటే తమ్ముడు కింద బిగించాడు. ఠక్కుమని గడియ పడింది. వాన బయట, మేం లోపల. అందరం హమ్మయ్య అని కూలబడ్డాం. అంతలో అత్త వెళ్ళి ఏం చేసిందో తెలుసా? అప్పుడే వేసిన గడియ తీసి రెండు రెక్కలూ బార్లా తెరిచేసింది! "ఏయ్ అక్కా!" అని మా నాన్న మొత్తుకుంటున్నాడు. వానంతా లోపలికే కొట్టింది, అందరం మళ్ళీ తడిసి ముద్దయిపోయాం. ఆవిడ చేతులు బయటపెట్టి, "ఇన్నేళ్ళూ అవతలివాళ్ళు చెబితే విన్నానురా వాన సంగతి" అంది. ఇంక ఎవరూ మూయమనలేదు.

ఆ తరవాత ఆ అన్నదమ్ములు ఎంతలా మాట్లాడుకునేవారంటే, కొట్లో ఫోను మోగినా పట్టించుకునేవాళ్ళు కాదు. అందుకని వాళ్ళే వచ్చి, "అమ్మా, మా ఫోను మీరే ఎత్తండి" అని తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. "హలో, కిటికీల కంపెనీ, చెప్పండి" అనేది. పొద్దున్న కొట్టుకి వెళ్ళేముందు వీధివైపు కిటికీ తెరిచి, "హలో, తమ్ముడూ!" అని కేకేసేది. మా ఇంటికి ఆ వైపు మేడమీద ఒట్టి గోడ. మా నాన్న విసుక్కుంటూ మెట్లు దిగి వీధిలోకొచ్చి, మెడ పైకెత్తి మాట్లాడాలి. "ఏంటక్కా పొద్దున్నే, వీధంతా వింటున్నారు" అనేవాడు. కానీ ఆవిడ పిలవడం ఆలస్యమైతే వీధిలో ఊరికే స్కూటరు తుడుస్తూ నిలబడేవాడు.

ఒకరోజు కాలేజీనుంచి తిన్నగా కొట్టుకే వెళ్ళి అత్త పక్కన కూర్చుని బిస్కెట్లు తింటున్నా. ఫోను మోగింది. "హలో, కిటికీల కంపెనీ" అంది. వింది. వినగానే కళ్ళు పెద్దవి చేసి, నన్ను మాట్లాడొద్దని సైగ చేసి, రిసీవరు కొంచెం నావైపు తిప్పింది. మా నాన్నరా! ముక్కు పట్టుకుని మాట్లాడుతున్నాడు! "ఒక కిటికీ కావాలండి" అంటున్నాడు. ఎవరిని మోసం చేద్దామని? ఆవిడ మాత్రం ఏమీ ఎరగనట్టు, "అలాగేనండి. పాతది తీసి కొత్తది పెట్టాలాండీ?" అంది. "కాదండి, అక్కడ కిటికీ లేదు. ఒట్టి గోడ. పగలగొట్టి పెట్టాలి." నేను నవ్వు ఆపుకోలేక బల్ల కిందికి దూరిపోయా. "ఏ వైపు గోడండీ?" అంది అత్త. అవతల ముక్కు వదిలేసినట్టున్నాడు, మామూలు గొంతొచ్చింది. "వీధివైపండీ. మేడమీద. ఎదురింట్లో మా అక్క ఉంటుంది. పొద్దున్నే పిలుస్తుంది. నేను దిగి వచ్చేలోపు ఎక్కడ లోపలికి వెళ్ళిపోతుందోనని..."

అత్త రిసీవరు అలా పట్టుకునే ఉంది. "హలో? హలో? లైను ఉందాండీ?" అని ఆయన అడుగుతూనే ఉన్నాడు. ఊరందరికీ మాట్లాడండి మాట్లాడండి అని చెప్పిన మనిషి...

ఊఁ.

ఆ ఫ్యాను కాస్త పెంచరా. ఇంతకీ భోంచేసి వెళ్తావా, మీ ఇంటికి వెళ్ళి తింటావా?